మళ్లీ కొట్టిన నంబరు

సూర్యం చేతిలోంచి ఏ వస్తువూ మురికిగా బయటికి వెళ్లి ఎరగదు. ముప్పై ఆరేళ్లు బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పక్కింటివాళ్లు కుక్కరు మూత బిగిసిపోయిందని తెచ్చి ఇస్తే మూత సరిచేసి ఊరుకోడు, కుక్కరంతా తోమి, తళతళలాడించి మరీ పంపుతాడు. పెళ్లాం మంగాయమ్మదీ అదే తంతు. అరువు తెచ్చిన గిన్నెను ఉత్తగా తిరిగి పంపితే ఆవిడకు ఆ పూట అన్నం సయించదు, చారెడు అటుకులైనా వేసి పంపుతుంది. ఇలాంటి మొగుడూ పెళ్లాల చేతికి, తిరిగి ఇచ్చెయ్యవలసిన ఆరు పరాయిదేశపు రాడ్డులు వచ్చిపడ్డాయి. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అన్నారా?

వాటిని తెప్పించినవాడు కొడుకు గిరిబాబు. బుధవారీ బజార్లో అతనికి ఆటసామాన్ల దుకాణం ఉంది. జెర్సీలు, కప్పులు, షీల్డులు అమ్ముతాడు, బడిపిల్లల పోటీలకు టెంట్లూ చాపలూ సమకూరుస్తాడు. ఆగస్టులో రైల్వే స్టేడియంలో ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ ఆహ్వాన పోటీలు పెట్టారు. ఆరు దేశాల పిల్లలు వచ్చారు. అలాంటి పోటీలకు అంతర్జాతీయ ముద్ర ఉన్న రాడ్డులే వాడాలట, ఇక్కడ దుకాణాల్లో దొరికేవి పనికిరావట. యూరప్‌లో ఒక కంపెనీ ఆరు రాడ్డులూ, వాటికి తొడిగే రబ్బరు చక్రాలూ పంపడానికి ఒప్పుకుంది. అమ్మడం కాదు, పంపడం. ఆ తేడాను గిరిబాబు తండ్రికి భోజనాల దగ్గర అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు.

“చుట్టంలాగ వస్తాయి నాన్నా, చుట్టంలాగ ఎల్లిపోతాయి. అందుకే దిగుమతి సుంకం లేదు. ఆరు నెలల్లోపు మళ్లీ బయటికి పంపేస్తామని బాండ్ రాసినాను. పోటీకి తప్ప ఇంకో పనికి వాడకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.”

“అచ్ఛా. మరి మనకేటి లాభం?” అన్నాడు సూర్యం.

లాభం సంగతి చెప్పినవాడు శేషగిరిరావు. ఆ కంపెనీకి మన దేశంలో ఏజెంటు, హైదరాబాదు మనిషి, మాటకు ముందు చిరునవ్వు వచ్చే రకం. పోటీల చివరి రోజున గిరిబాబు భుజం మీద చెయ్యి వేసి, సూర్యం వింటుండగానే మాట ఇచ్చాడు. “ఇవి వచ్చినవి వచ్చినట్టుగా వెనక్కి చేరాలండీ. చేరితే వచ్చే ఏడాది నుంచి ఈ ప్రాంతానికంతటికీ మా సరుకు మీ చేతిమీదుగానే. మొదటి సెట్టు మీ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి సుంకం మేమే కట్టి ఉచితంగా ఇస్తాం. డిసెంబరు కల్లా ఇచ్చేద్దాం, మాకూ ప్రచారంగా ఉంటుంది.”

గిరిబాబుకు అందులో ఏజెన్సీ మాట వినబడింది. సూర్యానికి ఇన్‌స్టిట్యూట్ మాట ఒక్కటే వినబడింది.

ఎందుకంటే రైల్వేవాళ్ల ఆటల క్లబ్బైన ఆ ఇన్‌స్టిట్యూట్‌లో బరువులెత్తేది అతని మనవరాలు, గిరిబాబు కూతురు ప్రత్యూష. పదిహేడేళ్ల పిల్ల. జనవరిలో జాతీయ జట్టుకు ఎంపిక పోటీలున్నాయి. అక్కడున్న రాడ్డు ఆ పిల్లకంటే వయసులో పెద్దది. నడిమధ్య వంకర, చివర గొట్టాలు తిరగవు. మంచి రాడ్డుకు చక్రాలు తొడిగిన గొట్టం దానంతటది తిరుగుతుంది, మనిషి దాన్ని భుజాల మీదికి తిప్పుకున్నప్పుడు బరువు తన దారిన తాను తిరుగుతుంది. ఇది తిరగదు గనక ఆ మెలికంతా పిల్ల మణికట్టు మీద పడుతుంది. సూర్యం రెండుసార్లు గొట్టాల లోపలి బుష్‌లు మార్చి చూశాడు. వంగిన ఉక్కును ఏ ఫిట్టరు మాత్రం ఏం చేస్తాడు? రోజూ సాయంత్రం ఆ మణికట్టుకు తెల్ల టేపు కట్టేది అతనే. కట్టు కింద వాపెంత ఉందో అతనికి తెలుసు. ఇంకో ఆర్నెల్లు ఇలాంటి రాడ్డు మీదే ఎత్తితే ఆ చెయ్యి ఆటకు పనికిరాదని రైల్వే ఆసుపత్రి డాక్టరు చెప్పిన మాటా తెలుసు.

పోటీలు అయిపోయాయి. నిర్వాహక సంఘం వాళ్ల ముద్ర ఒకటి కాగితాల మీద పడాలి, అది పడేదాకా సరుకు కదలకూడదు. గెలిచిన పిల్లల పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి ఎగబడిన పెద్దమనుషుల్లో ఒక్కడికీ ఆ ముద్ర వెయ్యడానికి ఆరు వారాలు తీరిక దొరకలేదు. గిరిబాబు ఢిల్లీ చుట్టూ తిరుగుతున్నాడు. రాడ్డులున్న చెక్కపెట్టె ఇన్‌స్టిట్యూట్ వెనకగదిలో, తాళంచెవి సూర్యం మొలతాడుకు. గోడకు ఇవతల ప్రత్యూష వంకర రాడ్డుతో కుస్తీ పడుతోంది.

ఒకరోజు ఆ పిల్ల వచ్చి తాళం పట్టుకుని ఊపింది.

“తాతా, బస్ ఏక్ బార్. ఒక్కసారి ఎత్తి పెట్టేస్తాను. ఎవరికి తెలుస్తాది?”

“నాకు తెలుస్తాది కదమ్మా.”

“నువ్వెవరికీ చెప్పవు కదా.”

“మీ పప్పా సంతకం పెట్టినాడు. పోటీకి తప్ప ముట్టకూడదని రాసిచ్చినాడు. డిసెంబరుకి నీకోసమే ఒకటి వస్తాది, అంతవరకు ఓర్చుకో తల్లీ.”

ప్రత్యూష తాళం వదిలేసింది. మణికట్టు నొక్కుకుంటూ వెళ్లిపోయింది. సూర్యానికి ప్రాణం ఉసూరుమంది, అయినా తాళం తియ్యలేదు. తెలిసిన షరతు దగ్గర మనిషి కొండలా నిలబడ్డాడు చూశారా? తెలియని షరతు దగ్గరే జారిపడ్డాడు. మనలాంటి వాళ్లం పడేదెప్పుడూ అక్కడే.

సెప్టెంబరు ఆఖర్న వారం రోజులు వాన పట్టింది. ఎందుకైనా మంచిదని సూర్యం పెట్టె తెరిచి చూశాడు. ఆడపిల్లల చెమట, చేతులకు రాసుకున్న సుద్దపొడి, ఈ ఊరి గాలిలో ఉండే బొగ్గు నుసి, వాన తేమ, అన్నీ కలిసి ఆరు రాడ్డుల గొట్టాల మొదళ్లనూ తుప్పు పట్టించాయి. చక్రాలకేమీ కాలేదు. రాడ్డుల మీద మాత్రం ఎర్రగా మరకలు. వెంటనే కొడుక్కి ఫోన్ చేశాడు గాని, ఊరుకాని ఊళ్లో వాణ్ణి కంగారు పెట్టడం ఎందుకని తుప్పు మాట దాచాడు.

“గిరీ, ఇవి ఎలగ పంపాల?”

“వచ్చినవి వచ్చినట్టు పంపాలి నాన్నా. చిన్న తేడా ఉన్నా ఒప్పుకోరు.”

వచ్చినప్పుడు ఎలా ఉన్నాయి? అద్దంలా ఉన్నాయి. అయితే అద్దంలాగే వెళ్లాలి. సూర్యం బుద్ధికి ఇంకో అర్థం తట్టలేదు. తట్టడానికి అతను బతికిన బతుకేమిటి? షెడ్‌లోకి ఇంజను మురికిగా వస్తుంది, విప్పుతారు, కడుగుతారు, అరిగిందాన్ని రుద్దుతారు, మాసిన నంబరును మళ్లీ కొడతారు. నంబరు స్పష్టంగా లేని భాగం షెడ్ గేటు దాటకూడదు. ఆ ముప్పై ఆరేళ్లలో ఎన్ని వేల నంబర్లు కొట్టాడో దేవుడికెరుక. సూర్యం కొట్టిన అంకె కళ్లజోడు లేకుండా చదవచ్చని ఫోర్‌మన్‌లు మెచ్చుకునేవారు.

గాంధీ జయంతి సెలవునాడు మొదలుపెట్టాడు. కిరసనాయిలు, ఎమరీ గుడ్డ, అప్పారావు వెల్డింగు దుకాణం నుంచి అడిగి తెచ్చిన, మెరుగుపెట్టే బఫ్ మిషను. కంపెనీ వేసిన నంబరు ప్రతి గొట్టం మొదట్లోనూ వెంట్రుకవాసి సన్నంగా, మిషనుతో గీసినట్టు ఉంది. సరిగ్గా తుప్పు పట్టింది దానిమీదే. రుద్దితే పోతుందని సూర్యానికి తెలుసు. తెలిసే, ముందుగా నోటుపుస్తకంలో ఆరు నంబర్లూ రాసుకున్నాడు, ప్రత్యూషను పిలిచి చదివించి, తప్పుల్లేవని రెండుసార్లు సరిచూసుకున్నాడు. అప్పుడు రుద్దాడు. తుప్పూ పోయింది, నంబరూ పోయింది. ఆ తరవాత ఇంట్లో పాత ట్రంకులో దాచుకున్న అంకెల పంచ్‌లు తీసి, ఒక్కొక్కటే నిలబెట్టి, ఒక్కొక్క దెబ్బతో అవే నంబర్లు మళ్లీ కొట్టాడు. లోతుగా, వరసగా, అందంగా. గాడిలో తెల్లరంగు నింపాడు. నాలుగు రోజులు పట్టింది. రాడ్డు ఎత్తిపట్టి గొట్టాన్ని వేలితో తిప్పితే, తిరిగీ తిరిగీ చాలాసేపటికి గాని ఆగలేదు.

“బావుందేటి?” అని మంగాయమ్మను పిలిచి చూపించాడు.

“పెళ్లికూతుళ్లలాగున్నాయి. ఉత్త పెట్టెతో ఎలగ పంపుతాం?” అంది ఆవిడ. ఆ సాయంత్రమే రవ్వలడ్డూలు చేసి, డబ్బాలో పెట్టి, పెట్టెలో ఓ మూల సర్దింది.

గిరిబాబు ముద్ర వేయించుకుని తిరిగి వచ్చేసరికి రాడ్డులు నూనె కాగితంలో చుట్టి, తాడు కట్టి, పెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. లారీ గుమ్మంలో ఉంది. పెట్టె మూత ఎత్తి చూసి అతను లడ్డూల డబ్బా బయటికి తీశాడు.

“ఏటమ్మా ఇది? చిట్టాలో లేని తినే సరుకు పెట్టెలో ఉంటే కస్టమ్స్ వాళ్లు మొత్తం ఆపేస్తారు.”

“అరువు గిన్నె ఉత్తగా పంపకూడదని...”

“ఇది గిన్నె కాదమ్మా, వ్యాపారం,” అని డబ్బా ఆవిడ చేతిలో పెట్టేశాడు. నూనె కాగితాలు మాత్రం విప్పలేదు. తండ్రి చుట్టిన చుట్టు మీద అతనికి ఎప్పుడూ అనుమానం రాలేదు.

రాయపూర్ కంటైనర్ డిపోకు తండ్రీకొడుకులిద్దరూ వెళ్లారు. సూర్యం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సరుకు తనిఖీ చేసిన అధికారి పేరు రాజేంద్ర. నలభై ఏళ్లుంటాయి, గొంతు పెంచని మనిషి. చక్రాలన్నీ లెక్క చూసి, సరే అన్నాడు. మొదటి రాడ్డు కాగితం విప్పాడు. దిగుమతినాడు తీసిన ఫొటో ఫోన్లో తెరిచి పక్కన పెట్టాడు. రెండోది విప్పాడు. మూడోది విప్పి, గిరిబాబు మొహం వంక చూశాడు. గిరిబాబు మొహం అప్పటికే పాలిపోయి ఉంది.

“ఈ నంబర్లు ఎవరు కొట్టారు?” అని హిందీలో అడిగాడు.

“నేనే సాబ్,” అన్నాడు సూర్యం, ఒకడుగు ముందుకు వేసి. అయ్యో, ఆ ముందుకు వెయ్యడంలో కాస్త గర్వం కూడా ఉంది.

నోటుపుస్తకం తీసి చూపించాడు. తుప్పు సంగతి చెప్పాడు. షెడ్ పద్ధతి చెప్పాడు. “నంబరు ఒక్కటైనా తప్పుందేమో చూడండి సాబ్.”

“తప్పు లేదు. నా అనుమానం అదే,” అన్నాడు రాజేంద్ర. “దొంగ మోటారు సైకిలుకు కూడా నంబరు తప్పు కొట్టరు దాదాజీ. అసలువి ఇక్కడే ఉంచుకుని, ఎక్కడో నకిలీవి చేయించి, వాటి మీద ఈ నంబర్లు కొట్టి పంపుతున్నారని రేపు నా పైవాడు అడిగితే ఏం చెప్పను?”

సూర్యానికి ఒళ్లు మండింది. ఒక రాడ్డు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గొట్టాన్ని వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. “నకిలీది ఇలా తిరుగుతుందా సాబ్?”

రాజేంద్ర అది ఆగేదాకా చూశాడు. “తిరగడం నా చిట్టాలో లేదు దాదాజీ. నంబరు ఉంది.”

చక్రాలు ఓడెక్కడానికి వెళ్లాయి. రాడ్డులు వెనక్కి బిలాస్‌పూర్ వచ్చాయి. దారి పొడుగునా గిరిబాబు నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేదని సూర్యానికి అనిపించింది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ కొడుకు అన్నాడు, అదీ మెల్లగా: “అమ్మ లడ్డూలు తీసేసినాను గాని, నీ కాగితం విప్పలేదు నాన్నా. తప్పు నాదే.” కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తండ్రిని దెప్పి ఉంటే ముసలాడు ఆ పూట అన్నం తిని ఉండేవాడు. ఆ మాట విన్నాక తినలేదు.

రాడ్డుల లోపలి భాగాలు విప్పి ఫొటోలు తీసి కంపెనీకి పంపారు. ఇరవై రోజులకు ఉత్తరం వచ్చింది. ఇవి మావే, సందేహం లేదు. అయితే తిరిగి తీసుకోము. రుద్ది, పంచ్ కొట్టిన రాడ్డుకు మా ముద్ర చెల్లదు, మా పేరుతో అలాంటి సరుకు ఏ దేశంలోనూ మిగలకూడదు, కస్టమ్స్ సమక్షంలో ధ్వంసం చేయించండి. మాకే అమ్మెయ్యండని అడిగితే కుదరదన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి రాజేంద్ర సరేనన్నాడు, ధ్వంసం చేస్తే బాండ్ తీరిపోతుందన్నాడు. దేవుడే పెట్టె దింపుకోనన్నాడు.

శేషగిరిరావు ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడాడు. “మీ నాన్నగారి పనితనాన్ని మా ఇంజనీర్లు కూడా మెచ్చుకున్నారండీ. కానీ ఏజెన్సీ విషయం రాయపూర్‌లో వేరేవాళ్లతో ఖాయమైపోయింది. మీ ఇన్‌స్టిట్యూట్ సెట్టు కూడా ఇక వాళ్ల ఇష్టం.”

సూర్యం కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. జన్మలో ఎవర్నీ దేబిరించని మనిషి. “బాబూ, అన్నీ కోయించీండి. ఒక్కటి ఒగ్గీండి. మా మనవరాలి చెయ్యి పోతంది. మీ పేరు కనబడకండా నాను గీకేస్తాను. పేరు లేకండా ఆడుకుంటాది.”

అవతల చిన్న నవ్వు వినబడింది. “మళ్లీ గీకుతారా బాబాయిగారూ?” అన్నాడు శేషగిరిరావు.

డిసెంబరు పదో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికి ఇన్‌స్టిట్యూట్ వెనక పెరట్లో ఆ పని జరిగింది. ఇన్‌స్టిట్యూట్‌కు కొత్త సెట్టు రావలసిన నెల అది. రాజేంద్రే వచ్చాడు. అప్పారావు గ్యాస్ కట్టరు, సిలిండర్లు ఆటోలో దింపించాడు. “నువ్వు కూకో బాబాయి, నేను కోసేస్తాను,” అన్నాడు.

“వొద్దురా. నీ కోత వంకరగా వస్తాది,” అన్నాడు సూర్యం, నల్లకళ్లద్దాలు పెట్టుకుంటూ. అది సాకు. తన చేతులతో పాడుచేసినదాన్ని ఇంకొకడు ముట్టడం అతనికి ఇష్టం లేదు.

ప్రత్యూష గుమ్మంలో నిలబడి ఉంది, మణికట్టుకు ఇంకా కట్టు లేదు. సూర్యం కట్టరు కింద పెట్టి, రాజేంద్ర దగ్గరికి వెళ్లి, కోసే ముందు పిల్లను ఒక్కసారి ఎత్తి చూడనిమ్మని అడిగాడు. కాగితాల ప్రకారం కూడదు. రాజేంద్ర చిట్టా మూసి, పక్కవీధిలో టీ తాగి వస్తానని లేచాడు. పెద్దమనిషే పాపం.

“రా తల్లీ,” అన్నాడు సూర్యం.

పిల్ల వచ్చింది. ఒంగి రాడ్డు మీద చెయ్యి వేసింది. గొట్టాన్ని ఒక్కసారి తిప్పి చూసింది. అది తిరుగుతూ ఉండగానే లేచి నిలబడింది.

“నహీ తాతా. ఇది ఎత్తితే, తరవాత నాది ఎత్తలేను.”

రాజేంద్ర టీ తాగి వచ్చేదాకా తాతా మనవరాలూ ఆ ఆరు రాడ్డుల ముందు ఊరికే నిలబడ్డారు.

తరవాత కోశాడు. ఒక్కొక్క రాడ్డు మూడు ముక్కలు. ముక్క ముక్కకూ ఫొటో. అంత మంచి ఉక్కు అతని చేతికి షెడ్‌లో కూడా ఎప్పుడూ తగల్లేదు, మంట తగిలినా తొందరగా లొంగలేదు. కోత కోతకూ రాజేంద్ర ఒంగి, గొట్టం మీది నంబరు చదివి, చిట్టాలో టిక్కు పెట్టుకున్నాడు. ఓడ ఎక్కడానికి చెల్లని నంబరు కొయ్యడానికి చెల్లింది. ఆరో టిక్కు పెట్టాక అతను మంచి మనసుతోనే అన్నాడు: “మీ అంకెలు చాలా స్పష్టంగా ఉన్నాయి దాదాజీ. కళ్లజోడు కూడా అక్కర్లేకపోయింది.”

ముప్పై ఆరేళ్లు విన్న మెప్పే అది. సూర్యం నల్లద్దాలు తియ్యలేదు.

తెగిన గొట్టంలోంచి ఒక బేరింగు జారి, దొర్లుకుంటూ వచ్చి అతని చెప్పు దగ్గర ఆగింది. కాలలేదు, మెరుస్తోంది. పాత రాడ్డుకు అలాంటి బేరింగే కావాలి. వంకర ఎలాగూ పోదు గాని, ఒకవైపైనా తిరుగుతుంది. ఎవరూ చూడటం లేదు. రాజేంద్ర సంతకాల్లో ఉన్నాడు, గిరిబాబు గోడవైపు తిరిగి ఉన్నాడు. సూర్యం దాన్ని తీసి గుప్పెట్లో పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. ముక్కలన్నీ లెక్కగా తుక్కులోకి పోవాలని ఉత్తరంలో ఉంది, ఈసారి అందులో ప్రతి మాటా చదివించుకుని విన్నాడు. గుప్పెట విప్పి, బేరింగును ముక్కలు వేసిన గోనెసంచిలో వేసేశాడు. సంచి మూతి కట్టి, రాజేంద్ర చూపించినచోట సాక్షిగా సంతకం పెట్టాడు.

రాజేంద్రా, అప్పారావూ వెళ్లిపోయారు. లోపల ప్రత్యూష వంకర రాడ్డుకు చక్రాలు తొడిగి, టేపు చుట్ట పట్టుకుని బయటికి వచ్చింది. మెట్టు మీద కూర్చున్న తాత ముందు చెయ్యి చాపింది. సూర్యం చేతులకు మసి ఉంది. పంచెకు తుడుచుకుని కట్టడం మొదలుపెట్టాడు. రోజూ ఎలా కడతాడో అలాగే, వాపు మీద ఒత్తిడి పడకుండా, వదులుగా.

“గట్టిగా కట్టు తాతా,” అంది పిల్ల. “అది తిరగదు కదా.”